కోటు అడిగితే గౌను

దర్జీగారి మేనల్లుణ్ణి ఇంట్లో అందరూ "బాగానే" అని పిలిచేవాళ్లు. కంప్యూటర్ పనిలో చేరిన దగ్గర్నుంచి, ఎవరు ఏ తప్పు చూపించినా "నా దగ్గర బాగానే వస్తోందే" అనడం అతని అలవాటు. కుళాయి కారుతోందని భార్య చెప్పినా, ఒకసారి తిప్పి చూసి అదే మాట అనేవాడు. ఆవిడ కారిన నీళ్లతో నిండిన బకెట్ తెచ్చి అతని ఒళ్లో పెట్టేది.

మనిషి మాత్రం మంచివాడు. దర్జీ మామయ్య పోయాక అత్త దుకాణంలో ఒక్కతే కూర్చుని వీధి చూస్తూ పొద్దు గడుపుతుంటే, పూనుకున్నది అతనే. మామయ్య కాగితాల మీద గీసిపెట్టిన కటింగులన్నీ గోడకి మేకులకి వేలాడుతుండేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక సైటు పెట్టాడు. కావలసినవాళ్లు కొలతలు రాసి బటన్ నొక్కితే, అవతల సర్వర్ ఆ ఒంటికి సరిపడా కటింగు గీసి ఫైలుగా పంపుతుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, ప్రింటు తీయించి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే. ప్రతి కాగితం మూల మామయ్య పేరు ఉంటుంది.

అత్త సరేనంది గానీ ఒక షరతు పెట్టింది.

"మీ మామయ్య కటింగు తప్పిందని ఈ వీధిలో ఒక్కరు అన్నా సరే, ఆ సైటు తీసెయ్యాలిరా. మనిషి ఎటూ పోయాడు. పేరు కూడా పోతే నాకేం మిగలదు."

కొన్నాళ్లు సాఫీగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే జిమ్ మాస్టారు దుకాణానికొచ్చాడు. ఆయన గుమ్మంలో నిలబడితే లోపల లైటు వేసుకోవాలి. అంత మనిషి చేతిలో ఇంత గౌను. దళసరి ఉన్ని గుడ్డ, గుండ్రటి కాలరు, కింద కుచ్చులు. కోటు కోసం బటన్ నొక్కాడట. వచ్చిన కటింగు ప్రకారం తనే శ్రద్ధగా కుట్టుకున్నాడట.

కత్తిరించేటప్పుడైనా అనుమానం రాలేదా అని అత్త మెల్లిగా అడిగింది.

"వచ్చిందమ్మా. కానీ మీ ఆయన కొలత ఎప్పుడూ తప్పలేదు కదా. కొలుచుకునేటప్పుడు ఊపిరి మరీ బిగబట్టేశానేమో అనుకున్నాను."

"మరి కుచ్చులో?"

"కొత్త ఫ్యాషనేమో అనుకున్నాను."

అత్త లేచి, గోడ మీది కటింగులు ఒక్కొక్కటే తీసి చుట్టడం మొదలుపెట్టింది. మేనల్లుడు గబగబా లాప్‌టాప్ తెరిచి కోటు అడిగాడు, కోటే వచ్చింది. గౌను అడిగాడు, గౌనే వచ్చింది. "నా దగ్గర బాగా..." అని మొదలుపెట్టి, అత్త ముఖం చూసి మిగతాది మింగేశాడు.

అంతలో పక్క వీధి ఇల్లాలు కూతుర్ని చంకనేసుకుని, గౌను ఎంత చక్కగా కుదిరిందో చూపిద్దామని వచ్చింది. పాప మాస్టారి చేతిలోది చూసి, తన గౌను చూసుకుని, ఇచ్చెయ్యమని చెయ్యి చాపింది. అదే కాలరు, అవే కుచ్చులు. రంగొక్కటే తేడా.

మేనల్లుడు అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఇద్దరూ బటన్ నొక్కింది ఒకే మధ్యాహ్నం. ఆవిడ పాప నిద్రపోయాక, ఆయన జిమ్ ఖాళీ అయ్యాక. అతనికి ఏదో తట్టింది. ఇద్దర్నీ బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టి, కోటు ఆయన్నీ గౌను ఆవిణ్ణీ అడగమని, తను ఊ అనగానే ఇద్దరూ ఒకేసారి నొక్కమన్నాడు. మాస్టారు వేలు ఒక బటన్ మీద పెడితే పక్కవి రెండు కూడా నొక్కుకుపోతున్నాయి. చివరికి ఆవిడే రెండు చేతుల్తో రెండు ఫోన్లూ నొక్కింది.

రెంటిలోనూ గౌనే దిగింది.

మేనల్లుడు లాప్‌టాప్‌లో తను రాసిందంతా మొదట్నుంచీ మళ్లీ చదివాడు. కాసేపటికి అత్త దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తప్పు మామయ్యది కాదత్తా. సర్వర్ కోటు సరిగ్గానే గీసింది. వడ్డించింది నేను. వచ్చినవాళ్లందరికీ ఒకే కంచం పెట్టాను, ఒకే పేరుతో ఒకే ఫైలు. మాస్టారికి కోటు వడ్డించి, ఆయన చెయ్యి చాపేలోపు అది తీసేసి పాప గౌను వడ్డించేశాను. ఇద్దరూ అందులోంచే తీసుకున్నారు."

"బంతికి కూర్చున్నవాళ్లందరికీ ఒకటే కంచమేమిట్రా? ముందు చూసుకోవద్దూ?"

"చూసుకున్నానత్తా. ఎప్పుడూ ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను."

ఆ పూటంతా అక్కడే కూర్చుని, ఎవరి కంచం వాళ్లకి ఏర్పాటు చేశాడు. ఎవరు అడిగినా వాళ్ల ఫైలుకో వేరే పేరు, వాళ్లు తీసుకోగానే అది తుడిచెయ్యడం. మళ్లీ ఇద్దరి చేతా నొక్కించాడు. ఆయనకి కోటు, ఆవిడకి గౌను. నమ్మకం చాలక మళ్లీ మళ్లీ నొక్కించాడు. పాపకి అదో ఆటైపోయింది.

అత్త మాత్రం చుట్టిన కాగితాలు చేతిలోంచి వదల్లేదు. మాస్టారి వంక చూసి, వీధిలో ఎంతమందికి చెప్పారని అడిగింది.

మాస్టారు వీధివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పలేదమ్మా. నాకు నేనే గౌను కుట్టుకున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

అత్త ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కాగితాలు మేనల్లుడి చేతిలో పెట్టి, మడత పడకుండా తగిలించమంది.