వేలెడు ఖాళీ

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఎర్సీలియా కొన్ని వేల సీసాలు కడిగి ఉంటుంది గానీ, ఒక్కదానికీ బిరడా బిగించి ఎరగదు. ఆ మూడు రోజుల్లో ఆడది నేలమాళిగలోకి దిగితే వైన్ పులిసిపోతుందని ఇటలీలోని మొన్‌ఫెర్రాతో కొండల్లో అందరూ నమ్మేదే. ఆమె మొగుడు సెకోందో మరీ జాగ్రత్తపరుడు. మూడు రోజులేం ఖర్మ, నెల పొడుగునా దిగనిచ్చేవాడు కాదు. ఆమె పైమెట్టు మీద కూర్చుని కడిగిన సీసా అందించేది, కింద చీకట్లోంచి ఆయన చెయ్యి వచ్చి అందుకునేది.

జనవరిలో ఆ మనిషి పోయాడు. ద్రాక్ష తీగలు కత్తిరిస్తూ మంచులో కూలబడి మరి లేవలేదు. ఎర్సీలియా ఏడవలేదు. శవపేటిక గుమ్మం దాటుతుంటే, పొయ్యి మీద మొక్కజొన్న సంకటి అడుగంటుతోందన్న సంగతి గుర్తొచ్చింది. రాతిగుండె అన్నారు ఊళ్ళో. ఆ మాట చెవిన పడినా కోపం రాలేదు. చెయ్యి కింద పెట్టుకు పడుకుంటే తిమ్మిరెక్కుతుందే, అలా మనిషంతా తిమ్మిరెక్కి ఉంది.

మార్చి వచ్చింది. సెకోందో ఆఖరుసారి ద్రాక్ష తొక్కి పెట్టిన వైన్ బుట్ట అల్లిన పెద్ద గాజు జాడీలో ఉండిపోయింది. కృష్ణపక్షంలోనే సీసాల్లోకి పట్టాలి, చంద్రుడు పెరిగేటప్పుడు నింపితే లోపల పొంగుతుంది. అమావాస్య ఇంకా అయిదు రోజులుందనగా ఆడబిడ్డ డెల్ఫీనా వచ్చింది.

"మా ఆయన్ని పంపుతా వదినా. నువ్వు దిగావంటే వెనిగరే."

"యాభై ఏడేళ్ళదాన్ని. పులియబెట్టడానికి నాలో ఏం మిగిలిందే?"

"అన్నయ్య చేతి ఆఖరి వైన్ అది. పాడైతే మళ్ళీ చేసేవాడు లేడు."

"తెలుసు. అందుకే నేను దిగుతున్నా."

"ఎలా పట్టాలో తెలుసా అసలు?"

"బిరడా కింద వేలెడు ఖాళీ వదలాలి. ఇన్నేళ్ళూ మెట్టు మీద కూర్చుని వింటూనే ఉన్నా, నాకేం చెవుడు లేదు."

మర్నాడే దిగింది. గాలి తగలకుండా వైన్ మీద పోసిన నూనెపొరను దూదితో ఎత్తేసింది. రబ్బరు గొట్టం నోట పెట్టి పీల్చింది. వైన్ నోట్లోకొచ్చింది, ఏ రుచీ తెలియలేదు. సీసా మెడకు బయటినుంచి బిరడాను ఆనించి, దాని కింద చూపుడువేలు అడ్డంగా పెట్టి, వేలి కింది అంచుదాకా నింపి, మీటతో బిరడా దిగ్గొట్టింది. సాయంత్రానికి డెబ్బై ఒక్క సీసాలు. చేతులు కడుక్కుని, ఇంత సంకటి తిని పడుకుంది.

మూడో రోజు పొద్దున్నే చూస్తే సగం సీసాల బిరడాలు పుట్టగొడుగుల్లా తలలెత్తి ఉన్నాయి. రెండు ఊడి కింద పడ్డాయి. అమావాస్య రెండు రోజుల్లోకొచ్చింది. ఇలాగే వదిలేస్తే గాలి తగిలి వైన్ అంతా పోయినట్టే.

పైమెట్టు మీంచి డెల్ఫీనా తొంగిచూసింది. "నే చెప్పలా?"

ఎర్సీలియా పోయినేడు సెకోందో పట్టిన సీసా ఒకటి తీసి కిటికీ వెలుగుకు పెట్టి, బిరడా కిందున్న ఖాళీ మీద తన వేలు ఆనించింది. సరిపోలేదు. రెండో వేలు కూడా సగం పట్టింది. తను వదిలిన ఖాళీ చాలక లోపలి గాలే బిరడాలను పైకి తోసింది.

అప్పుడు తెలిసింది. పెళ్ళికి ముందే బండిచక్రం కింద పడి నలిగిన వేలు ఆయనది. అతుక్కుంది గానీ మొద్దులా లావెక్కిపోయింది. వేలెడు అంటే ఆ వేలెడు. ఆయనకు తన వేలే లోకంలోని వేలు, ఇంకెవరి వేలితోనో కొలుస్తారని ఎందుకు తోస్తుంది!

"మీ అన్న వేలు లావే," అంది.

డెల్ఫీనా రెండో మెట్టు మీద కాలు మోపబోయి, "నన్నూ దిగమంటావా? నాకింకా ముట్టు ఆగలేదు మరి," అంది.

"నువ్వక్కడే కూర్చో తల్లీ. సీసాలు కడిగి అందించు."

కొలత ఉండాలి కదా. ఆయన పోయిన రోజు కత్తిరించిన తీగలు మోపు కట్టి మూల పడేసి ఉన్నాయి. ఒక ముక్క తీసి, పోయినేటి సీసా ఖాళీకి ఆనించి చూస్తూ, కత్తితో కొంచెం కొంచెం చెక్కింది. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. సరిగ్గా కుదిరాక చెయ్యి దాని చుట్టూ దానంతటదే మూసుకుంది. పెళ్ళినాడు చర్చి మెట్లు దిగుతూ పట్టుకున్నది ఈ లావు వేలినే.

పైనుంచి సీసా వచ్చి గాల్లో ఆగింది.

"వదినా, అందుకోవేం? చెయ్యి లాగుతోంది."

"ఆగవే," అంది ఎర్సీలియా. తీగముక్కను వదలకుండా రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది. "కాసేపు ఆగు."