ఏటిగట్టు గారికి అరవై విస్తళ్ళు

ఆ రోజుల్లో ఇంటర్నెట్టంటే మా అమలాపురంలో గంటల లెక్కన అద్దెకిచ్చే వస్తువు. (షామియానాలూ, వంటపాత్రలూ ఇచ్చినట్టే.) చెక్క అరల మధ్య ఇరుక్కుని కూచుని, టెలిఫోను తీగ కీచుకీచుమని అరిచి ఎప్పటికి కనెక్షనిస్తుందా అని ఇలవేల్పుని తలుచుకునే కాలం. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, పెద్దమ్మా పెద్దనాన్నల దగ్గర ఉండేదాన్ని. ఎవరైనా 'వస్తాను' అంటే వస్తారని నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ అమ్మాయి మీద నాకు కోపం కూడా రాదు, జాలేస్తుంది. ఆ నమ్మకం ఒక్క కార్తీక ఆదివారం పూట ఎలా మట్టిగొట్టుకుపోయిందో చెబుతాను.

కోనసీమ వాళ్ళందరం కబుర్లు చెప్పుకోవడానికి ఇంటర్నెట్‌లో ఓ గుంపు ఉండేది. మెయిల్ రాస్తే అందరికీ వెళ్ళేది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం కాబట్టి ఒకరు 'కూర' అంటే ఇంకొకరు 'కుర్రా' అని చదువుకుని తగువులాడిన సందర్భాలు ఉన్నాయి. అసలు పేర్లు ఎవరూ వాడేవారు కాదు. నేను అరటిదవ్వ. హైదరాబాదులో ఎక్కడో పాఠాలు చెప్పే ఓ పెద్దమనిషి మొగలిరేకు. ఆయన కవిత్వం రాసేవారు, ఎక్కువగా తన పెద్దకూతురి ఎంసెట్ చదువు గురించి. బెంగుళూరులో ఉండే ఒకావిడ పూతరేకు. ఆవిడకి వారంలో నాలుగు రోజులు తలనొప్పి, మిగతా మూడు రోజులూ ఆ తలనొప్పి కబుర్లు. ఇంకొకాయన ఆకుకూర. ఉల్లీ వెల్లుల్లీ మనిషిని ఎలా పాడుచేస్తాయో వారానికో వ్యాసం రాసేవారు. వీళ్ళందరిలో కోనసీమలో నిజంగా ఉంటున్నది నేనొక్కదాన్నే. అదే నా కొంప ముంచింది.

ఎందుకంటే మూడు నెలలకోసారి ఎవరో ఒకరు "మనమందరం ఒకసారి కలుసుకోవాలండీ" అనేవారు. వెంటనే మిగతావాళ్ళు "అరటిదవ్వ గారు అక్కడే ఉన్నారు కదండీ, చూసుకుంటారు" అనేవారు. మొదటిసారి వేసవిలో పెట్టాను. ముగ్గురొస్తామన్నారు, మామిడికాయ పచ్చడి పెట్టుకునే రోజులని ముగ్గురూ మానేశారు. రెండోసారి వానల్లో పెట్టాను. ఆ రోజు నేనూ గొడుగూ వెళ్ళాం, గొడుగు గాలికి పోయింది. ఇక ఈ జన్మకి పెట్టనని ఒట్టేసుకున్న వారానికి ఏటిగట్టు గారి మెయిలొచ్చింది.

ఏటిగట్టు గారిది మురమళ్ళ దగ్గర పల్లెటూరు. కువైట్‌లో ఓ ఇంట్లో కారు తోలేవారు. శుక్రవారం సెలవు గనక ఆ రోజు ఏదో నెట్ సెంటర్‌కి వెళ్ళి, వారమంతా మేం రాసుకున్న చెత్తంతా అక్షరం వదలకుండా చదివి, ఒక్క ముక్క రాసేవారు. "అందరూ బాగున్నారాండి. అన్నీ చదివేనండి. ఉంటానండి." అంతే. ఆ మనిషి ఈసారి ఇంకో రెండు ముక్కలు ఎక్కువ రాశారు. "నాలుగేళ్ళకి సెలవు దొరికిందండి. కార్తీకమాసంలో వత్తున్నాను. మిమ్మల్నందర్నీ ఒక్కసారి కళ్ళారా చూడాలనుందండి."

గుంపు గుంపంతా కదిలిపోయింది. మొగలిరేకు గారు 'ఆగమనం' అని కవిత రాశారు. పూతరేకు గారు తలనొప్పి ఉన్నా సరే వస్తానన్నారు. కార్తీకం గనక వనభోజనాలే పెట్టమన్నారు. ఓ వర్గం, చేపలు లేని కోనసీమ కోనసీమేనా, పుష్యమాసానికి మార్చండి అంది. ఆకుకూర గారు దానికి పదకొండు మెయిళ్ళలో సమాధానమిచ్చారు. చివరికి ఇరవయ్యారు మంది, కుటుంబాలతో కలిపి అరవై మంది, తప్పక వస్తామని పేర్లిచ్చారు. ముక్తేశ్వరంలో పెద్దమ్మ పిన్నికొడుకు కొబ్బరితోట ఉంది. అందులో మకాం అనే ఓ పాక, నుయ్యి, ఉసిరిచెట్టు. వంటమేస్త్రికి చెప్పాం. పులిహోర, కంద బచ్చలి, అరటికాయ వేపుడు, గుమ్మడికాయ పులుసు, బూరెలు. కుర్చీలొచ్చాయి. 'కోనసీమ మిత్రులకు స్వాగతం' అని నేనే గుడ్డ మీద రంగుతో రాశాను. (మిత్రులకి కొమ్ము కాస్తా దీర్ఘమై, 'మిత్రూలకు' అయింది. ఎవరూ గమనించరులే అనుకున్నాను. నిజంగానే గమనించడానికి ఎవరూ రాలేదు.)

ఆదివారం ఎనిమిదింటికి పెద్దనాన్న సెల్‌ఫోను మోగింది. నెంబరు గుంపుకి ఇచ్చింది నేనే. "అరటిదవ్వ గారాండి? ఏవనుకోకండేం. ఊరైతే వచ్చేను గానండి, మావాళ్ళ వనభోజనాలూ ఈవేళే పెట్టేరండి. వెళ్ళకపోతే కులం పెద్దలు ఊరుకోరు కదండి" అన్నారొకరు. పది నిమిషాలకి ఇంకొకరు. వాళ్ళ కులానిదీ అదే రోజట. కార్తీకమాసంలో ఆదివారం నాడు కోనసీమలో ఉన్న ప్రతి తోటలోనూ ఏదో ఒక కులంవాళ్ళు భోంచేస్తూనే ఉంటారన్న సంగతి, పుట్టి పెరిగిన నాకు, ఎందుకు తట్టలేదో నాకే తెలీదు. మొగలిరేకు గారికి రైల్లో బెర్తు దొరకలేదు. పూతరేకు గారికి తలనొప్పి. మొత్తానికి పదయ్యేసరికి ఫోనులో చార్జింగూ అయిపోయింది, మనుషులూ అయిపోయారు.

నేను ఖాళీ కుర్చీల మధ్య కూలబడ్డాను. పెద్దమ్మ బూరెల బేసిను మీద మూత పెట్టి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆ కువైట్ అతనో?"

"ఆయన మాత్రం వస్తాడు. బస్సెక్కేనని ఇందాకే ఫోను చేశాడు."

"నాలుగేళ్ళకి ఊరొచ్చినోడికి ఖాళీ కుర్చీలు చూపిస్తావుటే? సిగ్గులేదూ! లే. ఆ పేర్లేంటో చెప్పు. మేం ఉంటాం."

నేను వద్దన్నాను. (గట్టిగా అనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.) అరగంటలో పెద్దమ్మ పూతరేకు అయిపోయింది. ముప్ఫయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దనాన్న మొగలిరేకు. పక్కతోటలో కాయలు దింపుతున్న వాళ్ళు ఏడుగురుంటే, భోజనాలున్నాయి రండని పిలుచుకొచ్చాం. వాళ్ళలో బుర్రమీసాలాయన ఆకుకూర. వంటమేస్త్రీ, ఆయన సాయానికొచ్చిన ఇద్దరాడవాళ్ళూ, మా ఇన్‌స్టిట్యూట్‌లో నా దగ్గర నేర్చుకుంటూ కుర్చీలు సర్దడానికొచ్చిన నలుగురమ్మాయిలూ తలో పేరూ పంచుకున్నారు. కాగితం ముక్కల మీద పేర్లు రాసి అందరికీ గుండుసూదులతో గుచ్చాను. "ఎక్కువ మాట్లాడొద్దు. నవ్వండి చాలు" అని చెప్పాను.

ఏటిగట్టు గారు ఆటో దిగారు. నలభై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కా. చేతిలో పెద్ద సూట్‌కేసు. దిగీ దిగగానే అందరికీ దణ్ణం పెట్టి, కుర్చీ కూడా ముట్టుకోకుండా సూట్‌కేసు తెరిచారు. లోపల ఖర్జూరం పొట్లాలు, సెంటు సీసాలు, తలనొప్పి మందు, టార్చిలైట్లు. ఒక్కో పొట్లం మీద బాల్‌పెన్నుతో ఒక్కో పేరు. ఇరవయ్యారు పొట్లాలు.

"మొగలిరేకు గారండీ!"

పెద్దనాన్న ఠీవిగా చెయ్యెత్తారు. ఆయన పొట్లం అందిస్తూ ఏటిగట్టు గారు, "మీ పెద్దమ్మాయికి ఎంసెట్‌లో సీటొచ్చిందాండి?" అనడిగారు.

పెద్దనాన్నకి పిల్లల్లేరు. సీటన్న మాట వినగానే ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఆయన నోట పలికింది. "సీట్లు లేవండి. నిలబడే వెళ్ళాలి."

ఏటిగట్టు గారు, "ఆయ్. పోటీ అలా ఉందండి" అన్నారు. తర్వాత పూతరేకు గారిని పిలిచారు. తలనొప్పి మందు రెండు డబ్బాలు ఆవిడ కోసం ప్రత్యేకంగా తెచ్చారు. "ఇప్పుడెలా ఉందండి తలనొప్పి?"

"నాకా? నాకు తలనొప్పేంటి నాయనా, గుండ్రాయిలా ఉంటేనూ" అంది పెద్దమ్మ. నేను కళ్ళు పెద్దవి చేశాను. "అంటే, ఇవాళ తగ్గిందిలే" అని సర్దుకుంది.

ఆకుకూర గారి వంతు వచ్చేసరికి నేను చెట్టు చాటుకి తప్పుకున్నాను. చాటున్నంత మాత్రాన చెవులు వినపడడం మానవు కదా.

"మీరు వెల్లుల్లి కూడా ముట్టరు కదండి?"

"ఎవరండి, నేనాండి?" అన్నాడు మీసాలాయన. ఎవరో మోచేత్తో పొడిచినట్టున్నారు. "ఆయ్, ముట్టనండి. మాయావిడ చేపల పులుసులో వేత్తే తప్పితే."

నవ్వులొచ్చే చోటే అది. దింపులవాళ్ళు నవ్వారు కూడా. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఈయన ఎడారిలో కూచుని మా కూతుళ్ళ చదువులూ, మా తలనొప్పులూ, మా వంటలూ గుర్తుపెట్టుకున్నాడు. ఆయన గురించి మేం కనుక్కున్నదేముంది? ఆయనకి పెళ్ళయిందో లేదో కూడా నాకు తెలీదు. పైగా ఆయన చేత నా అబద్ధాలకి బహుమతులు పంచిపెట్టిస్తున్నాను. మకాం వెనక్కి వెళ్ళి నూతి గట్టున కూచుని చున్నీలో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపులో ఆయనెప్పుడొచ్చారో తెలీలేదు.

"ఏడవకండమ్మా."

"ఏటిగట్టు గారూ, వాళ్ళు..."

"తెలుసండి. మొగలిరేకు గారు బెర్తు దొరకలేదని నిన్ననే మెయిలిచ్చేరండి నాకు. పూతరేకు గారూ ఇచ్చేరండి. బయల్దేరే ముందు చూసుకునే వచ్చేను."

"మరి ఆ పొట్లాలన్నీ ఎందుకు పంచారండీ?"

"పిలవగానే చెయ్యెత్తేరు కదండి. ఆ పెద్దాయన ఎంత దర్జాగా ఎత్తేరో! ఇవ్వకపోతే బాగోదండి." తర్వాత, చాలా మొహమాటంగా అడిగారు. "ఒక్కటి చెప్పండి. మీరైనా అరటిదవ్వ గారేనాండి? లేక మీరూ..."

ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన్నేమనాలి? అడగాల్సిన పరిస్థితి తెచ్చింది నేను. నేను నేనేనని నిరూపించుకోడానికి నా దగ్గర రేషన్ కార్డు లేదు. ఉన్నా అందులో అరటిదవ్వ అని ఉండదు. చివరికి, "ఆమధ్య మీకు జ్వరమొస్తే మిరియాల చారు ఎలా కాచుకోవాలో రాశానండి. ఉప్పెంతో రాయడం మర్చిపోయానని మళ్ళీ రాశాను" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "మళ్ళీ రాసినప్పుడూ ఉప్పు రాయలేదండి మీరు! చప్పగానే తాగేసేను. ఆయ్, మీరేనండి!" అని రెండు చేతులూ జోడించారు. నేనూ జోడించాను. గుంపులో ఉన్న అంతమందిలో నిజంగా కలుసుకున్నది మేమిద్దరమే, అదీ నూతి గట్టు మీద, నేను ముక్కు చీదుకుంటుండగా.

భోజనాలకి కూచున్నాక మీసాలాయనకి ఏటిగట్టు గారిది ఏ ఊరో తెలిసింది. వాళ్ళ బావమరిదిది కూడా ఆ ఊరే, అతనూ కువైట్‌లోనే. అక్కణ్ణుంచి ఇంక మేమెవరమూ ఆయనకి ఆనలేదు. ఎవరి కొబ్బరిచెట్టు పడింది, ఎవరి గట్టు తెగింది, ఎవరి అమ్మాయి పెళ్ళి కుదిరింది, ఊరు ఊరంతా ఆ విస్తరి ముందుకొచ్చి కూచుంది. ఆయన మూడుసార్లు పులుసు పోయించుకున్నారు. తనకో పాప ఉందనీ, పుట్టినప్పుడు చూడలేదనీ, ఇప్పుడు తనని చూస్తే ఏడుస్తోందనీ మీసాలాయనకి చెప్పారు. "అలవాటవుద్దిలెండి, నాలుగు రోజులెత్తుకుంటే" అన్నాడు ఆయన. మిగిలిన నలభై చిల్లర విస్తళ్ళ అన్నం దింపులవాళ్ళ పేటకి వెళ్ళింది. ఖర్చు లెక్క చూసుకుని పెద్దమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తలనొప్పి మందు మాత్రం వాడుకుంది.

తర్వాతి నెలలో ఓ శుక్రవారం కువైట్ నుంచి మెయిలొచ్చింది. "అందర్నీ చూసేనండి. మొగలిరేకు గారు నేననుకున్నదాని కన్నా బాగున్నారు. పూతరేకు గారికి తలనొప్పి తగ్గిందని సంతోషించేను. ఆకుకూర గారు సరదా మనిషండి. ఇంత ఆదరణ మర్చిపోలేను. ఉంటానండి." నన్ను కాపాడడానికే అలా రాశారు. ఇప్పుడు సిగ్గుతో గుంపంతా నోరు మూసుకుంటుందనుకున్నాను. రెండ్రోజులు మూసుకుంది. మూడోరోజు మొగలిరేకు గారు, "ఆనాటి ఆత్మీయత మరువరానిది" అని రాశారు. ఆకుకూర గారు కంద బచ్చలిలో ఆవ కాస్త ఎక్కువైందన్నారు. వచ్చిన వాళ్ళ లెక్క నెలకింత పెరుగుతూ పోయింది. ఇవాళ ఆ గుంపూ లేదు, ఆ మెయిళ్ళూ లేవు. కొన్నేళ్ళ తర్వాత ఓ పెళ్ళిలో నిజం మొగలిరేకు గారిని మొదటిసారి చూశాను. "ముక్తేశ్వరంలో కలుసుకున్నాం కదమ్మా, కాస్త చిక్కావు" అన్నారు. ఆయన కళ్ళలో అబద్ధం లేదు. ఆయన నిజంగానే వచ్చేశారు పాపం. "అవునండీ, మీరేం మారలేదు" అన్నాను.

ఇప్పుడు నేనుండేది కాకినాడలో. మొన్న మా వీధి ఆడవాళ్ళ ఫోను గుంపులో ఎవరో "ఒకసారి అందరం ఎక్కడికైనా వెళ్దామా" అన్నారు. ముప్ఫయ్యొక్క మంది బొటనవేలు బొమ్మలు పెట్టారు. అవెంత నిజమో నాకు తెలుసు. ఫోను బల్ల మీద బోర్లించి పప్పు కడుక్కోడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా ఆయన ఫోను చూసి నవ్వుతున్నారు. "ఎవరో 'నేను చూసుకుంటాను, డేటు చెప్పండి' అని రాశారోయ్. ఎవరా పిచ్చిమాలోకం?" అనడిగారు. పప్పు కడగడానికి వెళ్ళేముందు ఆ ముక్క కొట్టింది నేనేనని, ఆయన పైకి చదివేదాకా, నాకు తెలిస్తే ఒట్టు.