చేపల ఐసులో ఫ్లూ టీకాలు

కరోనా హడావిడి సద్దుమణిగిన రెండో ఏడు, జూన్ నెలలో, ఉద్దానం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ఆయమ్మగా పనిచేస్తున్నాను. ఉద్యోగం నాలుగో తరగతి, చదువు అయిదో తరగతి. అంటే ఒక తరగతి మిగులే. రిటైరు కావడానికి ఎనిమిది నెలలుంది. అప్పుడు మాకొక కొత్త పని పడింది: డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ఫ్లూ టీకా వేయడం. మామూలు మనిషి మూడు రోజులు మూలిగి లేచే జ్వరమే కిడ్నీ రోగిని ఆసుపత్రి పాలు చేస్తుంది. పైగా ఈ ఫ్లూ క్రిమి ఏటా వేషం మారుస్తుంది గనక టీకా కూడా ఏటా మార్చి వేయించుకోవాలి.

టీకాల నీలం పెట్టె మోసే పని నాది. అందులో నాలుగు ఐసు ప్యాకులు పెడతాం. ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టు పెట్టకూడదు. వాటికి చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు గలగలమనాలి. అప్పుడే పెట్టాలి. మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వేడి తగిలినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది.

ఆ రోజు కవిటి దాటి, సముద్రపొడ్డున ఒక మత్స్యకార పల్లెకు నర్సమ్మ, నేను ఆటోలో వెళ్ళాం. తుఫాను షెల్టరులో టీకాలు. జాబితాలో మొదటి పేరు ఎర్రయ్యది. వేట మానేసి, వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. ఆయన్ని ఒప్పించడానికే నాకు మూడు రోజులు పట్టింది. "వారానికి ఆరు సూదులు గుచ్చించుకుంటన్నాను, ఏడోది నీకోసమేటి?" అనేవాడు. చివరికి ఆయన భార్య నూకమ్మ కసిరితే గాని దారికి రాలేదు.

జ్వరం ఉన్నవాళ్ళకు ఆ పూట టీకా వేయరు. అందుకని నర్సమ్మ ఇళ్ళ వెంట చూడబోయింది. నేను జాబితాలోవాళ్ళని పిలుచుకురావాలి. పెట్టె నూకమ్మకు అప్పగించాను. ఆమె చేపల వ్యాపారి. ఆమె చేతిలో సరుకు చెడడం ఎవరూ చూడలేదు. "వొదినా, కాస్త సూత్తుండు" అని వెళ్ళాను.

అరగంటకు తిరిగొచ్చి పెట్టె ఎత్తితే బరువెక్కి ఉంది. మూత తీశాను. నిండా దంచిన ఐసు. మధ్యలో టీకా సీసాలు వంజరం ముక్కల్లా పడుకుని ఉన్నాయి. థర్మామీటరు సున్నా కిందికి దిగిపోయింది. వాసన గురించి చెప్పను.

"ఏటి సేసినావే వొదినా!"

"నీ ఐసు కరిగిపోయి గలగలమంటంది. సరుకు పాడైపోద్దని నా ఐసు పోసినాను. గుప్పెడుప్పు కూడా ఏసినాను. ఇచ్చాపురం సంతకెల్లినా సెక్కు సెదరదు" అంది గర్వంగా. ఉప్పు పడితే ఐసు చలి పెరుగుతుందని నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఒక సీసా అరచేతిలో పెట్టుకున్నాను. గడ్డకట్టిన మందు కాసేపటికి కరిగింది. కరిగాక చూస్తే మంచి సీసాకీ దానికీ తేడా లేదు. నన్ను కంగారు పెట్టింది అదే. ఐసు పారబోసి, పెట్టె తుడిచేస్తే నర్సమ్మకు తెలియదు, నా పెన్షన్ కాగితాలకు మరకా ఉండదు. ఎర్రయ్యేమో చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. ఈ మందు వేస్తే టీకా పడిందన్న ధీమాతో తిరుగుతాడు, ఒంట్లో మాత్రం రక్ష ఉండదు. వెనక్కి పంపితే మళ్ళీ వస్తాడన్న నమ్మకం లేదు.

"ఈయేల ఎయ్యం అన్నయ్యా. మందు పాడైపోనాది" అన్నాను.

నూకమ్మ ఇంతెత్తున లేచింది. "నా ఐసులోనా? పాతికేళ్ళుగా సేపలమ్ముతున్నాను, ఒక్కరూ వంకెట్టనేదు. డబ్బాడు నీల్ల మందు నా ఐసుకి వంకెడతాదేటి?"

షెల్టరంతా ఆమె పక్షమే. డిగ్రీల గురించి చెబితే ఎవరూ వినలేదు. చివరికి నోటికొచ్చింది అనేశాను: "సేపకి పేణం పోనాక ఐసెడతారే వొదినా. నువ్వు మందుకి పేణముండగానే ఎట్టీసినావు."

నిజానికి ఆ టీకాలో ప్రాణమున్న క్రిమి ఉండనే ఉండదు. తర్వాత విని డాక్టరుగారు తల పట్టుకున్నారు. కానీ అక్కడ మాత్రం ఆ మాటకు అందరూ తలలూపారు. ఎర్రయ్య ఒక్కడే నవ్వుతూ చొక్కా చెయ్యి దించాడు. "నయమే, ఈయేలకి సూది నన్నొగ్గేసినాది! మంచి మందు తే, అప్పుడు మడుత్తాను" అన్నాడు.

నర్సమ్మ రాగానే జరిగింది చెప్పేశాను. ఆమె సీసాలన్నీ పక్కన పెట్టి 'వాడరాదు' అని రాసి, డాక్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన నన్ను సంజాయిషీ అడిగారు. నర్సమ్మ రాస్తే నేను సంతకం పెట్టాను. కారణం దగ్గర 'పెట్టెను వదిలి వెళ్ళినందున' అని రాయించాను. నూకమ్మ పేరు రానివ్వలేదు, ఆమె ఐసు పేరూ రానివ్వలేదు. ఆమెకు రెండోదే ముఖ్యం.

కొత్త సీసాలు టెక్కలి నుంచి తెప్పించారు. ఎర్రయ్యకు డయాలసిస్ లేని రోజు చూసుకుని మళ్ళీ వెళ్ళాం. ఈసారి నూకమ్మ పెట్టె పక్కన కూర్చుని, ఈగల్ని తోలినట్టు జనాన్ని తోలింది. నర్సమ్మ మూత తీయబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "ముట్టకు! ఆయమ్మ ముట్టొద్దంది!" మూత తీయకుండా టీకా వేయడం కుదరదని నచ్చజెప్పడానికి కొంతసేపు పట్టింది. మొదటి సూది ఎర్రయ్యకే పడింది.

మిగిలిన ఎనిమిది నెలలూ పెట్టె ఎవరికప్పగించినా, ఏం చేయాలో ఒకసారి, ఏం చేయకూడదో రెండుసార్లు చెప్పాను. శ్రద్ధ లేని మనిషి పెట్టె జోలికే పోడు. మందుకు ప్రమాదమల్లా శ్రద్ధ ఎక్కువున్నవాళ్ళతోనే.