డుమస్‌లో దొరికిన కలరా ఉండల ఓజోన్

నవ్వొస్తే నవ్వండి గానీ, మొత్తం విన్నాక నవ్వండి. ఆమధ్య ఓ ఆదివారం మా సూరత్ పక్కనున్న డుమస్ బీచ్‌లో నేనో పెద్ద సైంటిస్టునైపోయాను. ఒక్క గంటసేపు!

నా పీహెచ్‌డీ ఓజోన్ మీద కదా. పైన ఉండి మనల్ని కాపాడేది కాదు, కింద పొగకీ ఎండకీ పుట్టేది. నా అనుమానం ఏంటంటే, రాత్రి సూరత్ పొగంతా గాలితో సముద్రం మీదికి పోతుంది. పొద్దున ఎండకి అక్కడ ఓజోన్ తయారవుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి దాన్ని తిరిగి మనకే తెచ్చిస్తుంది. మా గైడ్ సర్ నమ్మలేదు. "డేటా చూపించు. లేకపోతే రివ్యూలో టాపిక్ మార్చేద్దాం" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సరే, ఓజోన్ కొలిచే టిఫిన్ బాక్సంత మెషీన్ బ్యాగులో పెట్టి, గాలి పీల్చే ట్యూబు బయటికి లాగి, నల్ల ఇసుకలో కుర్చీ వేసుకుని కూర్చున్నా. పొద్దున ఊరి వైపు నుంచి గాలి. రీడింగ్ మామూలే. మధ్యాహ్నం గాలి తిరిగి, సముద్రం వైపు నుంచి చల్లగా మొహానికి తగిలింది. రీడింగ్ చూద్దును కదా, సర్రున లేచింది! రెట్టింపు... మూడింతలు! "సర్, వెంటనే రండి!" అని ఫోన్ కొట్టి, ఆ సంతోషంలో ఓ ప్లేటు టమాటా భజియా కూడా లాగించేశా.

సర్ ఊళ్ళో అడాజన్ నుంచి స్కూటరేసుకుని వచ్చేశారు. అంకెలు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత వంగి వాసన చూశారు.

"బేటా, బ్యాగులో పట్టుచీర గానీ పెట్టావా?"

జిప్పు తీస్తే రెండు తెల్లటి ఉండలు ఇసుకలోకి దొర్లాయి. కలరా ఉండలు! మాది మగ్గాల ఇల్లు, బీరువా నిండా చీరలూ ఈ ఉండలే. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే పెరిగాను. నా ముక్కుకి అది వాసనే కాదు!

అమ్మకి ఫోన్ చేశా.

"నేనే ఏసిన బిడ్డా! గంత ఖరీదు మిషన్ గదా, బొద్దింకలు దూరుతయని. ఏందీ, మంచిగ నడుస్తుందా?"

"బ్రహ్మాండంగా నడుస్తోందమ్మా."

ఆ మెషీన్ గాలిలోకి అల్ట్రావయొలెట్ కాంతి పంపి, ఎంత మాయమైందో చూసి ఓజోన్ లెక్క కడుతుంది. కలరా ఉండల ఆవిరి కూడా అదే కాంతిని మింగుతుందట! బ్యాగు సముద్రం వైపు, ట్యూబు ఇటువైపు. గాలి తిరగ్గానే మా బీరువా వాసన తిన్నగా మెషీన్‌లోకి పోయింది. మెషీన్ బయటికి తీసి బ్యాగు దూరంగా పెట్టాక, కాసేపటికి రీడింగ్ మామూలుకి దిగొచ్చింది. నేనూ దిగొచ్చాను.

ఇంటికెళ్ళాక సిగ్గు కంటే కుతూహలం ఎక్కువైంది. ఒక ఉండకి రీడింగ్ ఎంత లేస్తుంది? రెండిటికి? ఎండలో పెడితే? అమ్మ తిడుతున్నా ఉండల డబ్బా ఖాళీ చేసేశా. రివ్యూలో భయపడుతూ ఆ ఉండల లెక్కల గ్రాఫే పెట్టాను. ఇన్నాళ్ళ పీహెచ్‌డీలో వంకర లేకుండా వచ్చిన గీత అదొక్కటే మరి! కమిటీ మేడం నవ్వాపుకోలేక, "టాపిక్ అలాగే ఉంచు, బ్యాగు మార్చు" అన్నారు.

సముద్రం మీది ఓజోన్ సంగతి ఇంకా తేలలేదు. బీరువాలో గాలి గురించి మాత్రం ఏదైనా అడగండి, సూరత్ మొత్తంలో నన్ను మించిన నిపుణురాలు లేదు!