తీసేసిన మిషన్ పంపిన మాట

దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. పదో తరగతి తప్పాను. కంప్యూటర్ పని ఎవరూ నేర్పలేదు, పుస్తకాలు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. యంత్రం చెప్పింది చేస్తుంది, తనంతట తాను ఏమీ చెయ్యదు. బతుకంతా ఇదే నమ్మాను.

తాండూరు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ చూసేవాణ్ణి. రిటైరై వికారాబాద్‌లో ఉంటుంటే, ఆ పాత మిషన్ తెలిసినవాళ్ళు లేరని పోయినేడాది మళ్ళీ పిలిచారు.

ఆ మిషన్ ఒక్కటే. కానీ లోపల ఆరు మిషన్లున్నట్టు పనిచేస్తుంది, ఒకే ఇంటిని ఆరు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు. ఒకదాంట్లో స్టోర్సు, ఒకదాంట్లో లారీల రాకపోకలు. ఆరోది క్రషర్‌ది. రాయి నలగ్గొట్టే ఆ క్రషర్‌లోకి రిపేరుకు ఎవరు దిగినా పేరు అందులో ఎక్కించాలి. పేరు ఉన్నంతసేపు క్రషర్ తిప్పడానికి అనుమతి రాదు. దాన్ని చూసుకునే వీరేశం రెండేళ్ళ క్రితం కామెర్లతో పోయాడు. పాడె నేనూ మోశాను.

పేర్లు ఎక్కించే పనిని కొత్త సాఫ్ట్‌వేర్‌కు మార్చారు. ఇక ఆరోది ఖాళీ కదా, తీసేయమన్నాడు మేనేజర్. కూలీలకు కొత్తది అలవాటు కాలేదు, ఒక నెల రెండూ నడపమని మొత్తుకున్నాను.

"ఖాళీ దాన్ని ఎన్ని రోజులు మోస్తం అంకుల్? మీ జమానా అయిపోయింది," అన్నాడు అందరి ముందు. డిగ్రీ లేనివాడి మాట ఎవరికి కావాలి?

ఆ రోజు పొద్దున పదకొండింటికి నా చేతులతోనే తీసేశాను. దాని డిస్కు కూడా తుడిచేశాను. జాబితాలో ఐదే మిగిలాయి. రెండుసార్లు చూసుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి క్రషర్ తిప్పుతామని ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. కొత్త స్క్రీన్‌లో ఎవరి పేరూ లేదు. అనుమతి ఇచ్చేది ఇప్పుడు నేనే. మీట మీద వేలు పెట్టాను. పక్కన మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్ మీద ఒక వరుస వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

"జర ఆగు అన్నా. మొగులయ్య లోపలున్నడు."

పంపినవాడి చోట ఆరో మిషన్ పేరుంది. ఆ ఫ్యాక్టరీలో అలా రాసేది, నన్ను అన్నా అనేది వీరేశం ఒక్కడే.

వేలు తీసేశాను. వెళ్ళి కళ్ళతో చూసి రమ్మని ఫోర్‌మన్‌కు చెప్పాను.

"స్క్రీన్ల ఎవ్వరు లేరు గద సార్, మళ్ల గీ పరేషాన్ ఎందుకు?"

"నువ్వు పోయి చూడు. చూసేదాకా నేను నొక్క."

ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. అతను వెళ్ళి చూసి, మళ్ళీ ఫోను తీశాడు.

"ఉన్నడు సార్. అడుగున కూసొని బోల్టులు బిగిస్తుండు."

రిపేరు కూలీ మొగులయ్య ఒంటిగంటకు దిగాడట. సూపర్‌వైజర్‌కు నోటితో చెప్పాడు. ఆయన రాయకుండానే షిఫ్టు దిగి ఇంటికి పోయాడు. అంటే ఆ పేరు ఏ మిషన్‌లోకీ ఎక్కలేదు. మొగులయ్య దిగేసరికి ఆరోది లేనేలేదు.

మీరు ఆరోదాన్ని సరిగా తీసేయలేదన్నాడు మేనేజర్. స్క్రీన్ మీద పడే ప్రతి వరుసా టైముతో సహా లాగ్ అనే చిట్టాలో ఉంటుంది. ప్రింటు తీసి ముందేశాను. పదకొండింటికి తీసేసినట్టు పైన ఉంది, మూడింటి మాట కింద ఉంది. చదివి, మడతపెట్టి ఇచ్చేశాడు. రిపోర్టులో మాత్రం ఆపరేటర్ అప్రమత్తత వల్ల ప్రమాదం తప్పిందని రాశారు. నేను సంతకం పెట్టలేదు. నేను చేయని పనికి ఎందుకు పెట్టాలి?

వీరేశమే రాశాడని నేననను. మరెవరు రాశారో చదువుకున్నవాళ్ళెవరూ చెప్పలేదు.

మొన్న తాండూరు స్టేషన్‌లో మొగులయ్య కలిశాడు. బండిలో నా పక్కనే కూర్చుని, "నేను లోపలున్నట్టు మీకెవలు చెప్పిండ్రు సార్?" అని అడిగాడు.

అప్పటినుంచీ జేబులోనే ఉన్న ఆ ప్రింటు తీసి, మూడింటి వరుస అతనికి చదివి వినిపించాను. పంపినవాడి చోట ఉన్న ఆరో మిషన్ పేరు మీద వేలు పెట్టి చూపించాను.