పెద్దతల్లి చేతిలో పదిహేడు రాళ్ళు

పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి నడుము పట్టేశాక, పెద్దతల్లి కాశీబుగ్గలో తన అన్న రామూర్తి వాచీల కొట్లో కూర్చుంది. నలభై దాటాక కొత్త పని. ముందు బ్యాటరీలు, బెల్టులు మార్చింది. కీ ఇచ్చే వాచీ ఒకటి తనంతట తానే విప్పి, కడిగి, బిగించింది. ఆ మొదటిసారే దొంగ అనిపించుకుంది.

ఆ వాచీ టెక్కలిలో గుమాస్తాగా రిటైరైన నరహరి గారిది. ఆయన ఎవర్నీ నమ్మరు. పెట్రోలు బంకులో మీటరు మీంచి చూపు తిప్పరు, సంతలో తక్కెడ కింద వంగి చూస్తారు. బాగుచేసిన వాచీ కొద్దిరోజులు తిరిగి ఆగిపోయేసరికి బస్సెక్కి వచ్చేశారు.

"రామూర్తీ, నా వాచీలో కెంపులేవి?"

"అందులోనే ఉన్నాయి పంతులుగారూ."

"ఉన్నవి నావేనా అని అడుగుతున్నాను. డయలు మీద పదిహేడు జువెల్సని రాసుంది. మా నాన్న చేతికున్నన్నాళ్ళూ ఆగలేదు. మీ చెల్లెలు చెయ్యెట్టింది, ఆగింది."

వాచీలో చక్రాల ఇరుసులు తిరిగేది ఆ ఎర్ర రాళ్ళలోనే. ఆవగింజ కన్నా చిన్నవి, నడుమ సూది కూడా దూరనంత బెజ్జం. ఫ్యాక్టరీలో చేసిన రాళ్ళు. నగల షాపువాడు ముట్టుకోను కూడా ముట్టుకోడు. రామూర్తి ఆ మాటే చెప్పాడు.

"అంత చవకైతే నీ దగ్గర డబ్బాడు ఉంటాయి. మార్చడం మరీ తేలిక!"

రామూర్తి చెల్లెల్ని పక్కకు పిలిచాడు.

"నిజం సెప్పు. రాయేదైనా ఎగిరిపోతే ఇంకోటెట్టీసినావేటి?"

"నీకూ అనుమానవేనా అన్నయ్యా?"

"నానడిగిందానికి సెప్పు."

"ఎట్టలేదు."

"మరెందుకాగింది?"

తను లేనప్పుడు అన్నయ్యే విప్పి ఉంటాడా అని ఆమెకూ ఒక అనుమానం పుట్టింది.

"పంతులుగారి ఎదరే వాచీ ఇప్పు," అన్నాడు రామూర్తి. "తేడా వొచ్చిందా, ఇంక నీకు బెల్టులే. ఈ బల్ల ముట్టుకోకు."

నరహరి గారు కళ్ళద్దాలు తుడుచుకుని, కుర్చీ బల్లకి ఆనించి కూర్చున్నారు. పెద్దతల్లి వాచీ విప్పి, పెట్రోలు గిన్నె దగ్గరకి లాక్కుంది. సంచీలోంచి చిన్న డబ్బా తీసి, వేళ్ళు ముంచి రెండు చేతులకీ రాసుకుని, రాళ్ళ బెజ్జాలు తుడిచే వెదురుపుల్ల అందుకుంది.

"ఆగాగు! ఆ డబ్బా ఏమిటి?"

"ఆవదం పంతులుగారూ."

"వాచీకి ఆముదమా!"

"వాచీకి కాదండి, సేతులకి. పెట్రోలు మండుద్ది కదా."

పిక్క పెంకులోని జీడి రసం అంటితే చేతి తోలు ఊడిపోతుంది. ఆమె పనిచేసిన చోట ఆముదం రాసుకోనిదే ఎవరూ పిక్క ముట్టేవారు కాదు. పెట్రోలు ముందు కూర్చున్నా ఆమె చెయ్యి ఆ డబ్బా దగ్గరకే పోయేది. ఈ వాచీ మొదట కడిగిన రోజు రామూర్తి భోజనానికి వెళ్ళాడు కాబట్టి చూడలేదు.

ఇప్పుడు పుల్ల లాక్కుని లెన్సులో చూశాడు; మొన ఆముదంతో మెరుస్తోంది. మొన నున్నగా రావాలని ఆమె దాన్ని వేళ్ళ మధ్య నులిమేది. పెట్రోలులో కడిగి మెరిసిన ప్రతి బెజ్జంలోనూ ఆ మొనతోనే ఆముదం పూసేసింది; అది జిగురుగా మారి ఇరుసుల్ని పట్టేసింది.

"వోలమ్మో! ఒక్కో రాయికీ తలంటీసినావే!"

ఆమెకి నవ్వు రాలేదు. లేచి వెళ్ళి సబ్బుతో మోచేతులదాకా తోముకుంది. వాసన చూసుకుని మళ్ళీ తోముకుంది. కొత్త పుల్ల చాకుతో చెక్కి, మొన వేలికి తగలకుండా పట్టుకుంది. బెజ్జంలో పెట్టి తిప్పింది, తీసింది. మొనకి మడ్డి. మళ్ళీ చెక్కింది. మొన తెల్లగా వచ్చేదాకా ఒక్కో రాయినీ వదల్లేదు; చివర్న అన్నిటినీ పెట్రోలులో జాడించింది. ఆరాక ఇరుసుల దగ్గర వాచీ నూనె అంటీ అంటనట్టు పెట్టి బిగించింది.

"సూసుకోండి," అని లెన్సు నరహరి గారికిచ్చింది. "మీవేనా?"

ఆయన చాలాసేపు చూశారు. ఆమె కీ ఇచ్చేసరికి లోపల చక్రం ఊగడం మొదలైంది. చెవి దగ్గర పెట్టుకున్నారు.

"రాళ్ళు మావే," అన్నారు రామూర్తితో. "ఎన్నాళ్ళు తిరుగుతుందో, అది వేరే సంగతి."

రామూర్తి సొరుగులోంచి ఇంకో కీ వాచీ తీసి చెల్లెలి ముందు పెట్టాడు. లేవబోయిన నరహరి గారు మళ్ళీ కూర్చున్నారు.

"అదెవరిది?"

"బారువ ఊరోల్లది."

"విప్పు, చూస్తాను."

"మీ బస్సెలిపోద్ది పంతులుగారూ," అంది పెద్దతల్లి.

"పోనీ. ఆ చేతులు ఓసారి చూపించు."