గాలిపటానికి కెమెరా కట్టిన సుందరరాజు

మా సుందరరాజు బావకి దేన్నైనా పైనుంచి చూస్తేగాని తృప్తి ఉండదు. బందరులో ఆయనకో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళివారు కుర్చీల్లో కూర్చుంటే, ఆయన కెమెరాతో బీరువా మీద కూర్చునేవాడు.

"ఇదేవిటండీ, మా అల్లుడి మొహం కనపడదే!" అనేవారు ఫొటో చూసి.

"మొహం రోజూ చూస్తూనే ఉన్నారుగా. పాపిడి ఎంత తిన్నగా తీశాడో చూడండి!" అనేవాడు బావ.

పంతొమ్మిదివందల అరవై ప్రాంతంలో బీరువా ఎత్తు ఆయనకి చాల్లేదు. గాలిపటానికి కెమెరా కడతానన్నాడు.

"ఉన్నదొక్కటే కెమెరా. పగిలితే పెళ్ళివారికి బొమ్మలు గీసిస్తారా?" అంది మా అక్క సంతోషమ్మ.

"పగలదు. దానికో దూది పరుపు కుట్టిపెట్టు."

అక్క తిడుతూనే కుట్టింది. వెదురుబద్దలతో, అక్క పాత చీరతో తలుపంత గాలిపటం తయారైంది. మరి అంతెత్తున కెమెరా మీట ఎవరు నొక్కుతారు? మీటకి రబ్బరు బ్యాండు బిగించి, అది లాగకుండా దారంతో కట్టేశాడు బావ. ఆ దారానికి అగరువత్తి ఆనించి, దాని రెండో కొస వెలిగించాడు. వత్తి కాలుతూ వచ్చి దారం తెగితే, రబ్బరు మీటని లాగుతుంది. ఒకసారి ఎగరేస్తే ఒకటే ఫొటో.

ఆదివారం ప్రార్థన కాగానే ఇద్దరం సైకిళ్ళ మీద మంగినపూడి సముద్రపొడ్డుకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి గాలిపటం లేవకముందే దారం కాలింది; ఫొటోలో బావ బొటనవేలు పడింది. మరోసారి ఉత్త ఆకాశం పడింది. ఇంకోసారి గాలి ఆగిపోయి, కెమెరా వచ్చి కొండమ్మ అనే జాలరామె రొయ్యల గంపలో పడింది.

"ఫొటోల బాబూ, మీ వల తెగినట్టుందండీ!" అందామె.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా స్టూడియోలో ఫొటో దిగినవాళ్ళంతా ముక్కు చిట్లించుకునే పడ్డారు.

"ఎందుకు బావా ఈ పట్టుదల? ఇసకలో నిలబడి తీస్తే పోలా?" అన్నాను.

"దారం వదులు, దారం!" అన్నాడు.

ఎండాకాలం మొదట్లో ఓ సాయంత్రం పైరగాలి నిలకడగా వీచింది. ఫొటో కుదిరింది. గుడిసెలు, ఇసకదిబ్బ, దిబ్బకవతల పడవలు, సముద్రం. స్టూడియో అద్దంలో పెట్టుకుని ఊరంతటికీ చూపిస్తాడనుకున్నాను. పెద్దది చేయించి, పటం కట్టించి, తిన్నగా కొండమ్మ ఇంటికి పట్టుకెళ్ళాడు.

లోపల ఆమె భర్త పోతురాజు మంచంలో ఉన్నాడు. పడవ మీంచి పడి నడుం విరిగినప్పట్నుంచి లేవలేడు.

"మా ఇల్లూ సముద్రమూ ఒక్క ఫొటోలో వస్తాయా అని కిందటేడు అడిగాడు," అన్నాడు బావ నాతో, గుమ్మంలో గొంతు తగ్గించి. "మధ్యలో దిబ్బ అడ్డం. ఇల్లు తీస్తే సముద్రం రాదు, సముద్రం తీస్తే ఇల్లు రాదు. రాదని చెప్పాను. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడట."

పోతురాజు పటాన్ని గుండెల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. తన ఇంటికప్పుని వేలితో తడిమాడు. వేలు దిబ్బ దాటింది, పడవల దగ్గర ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏడుకొండలూ!" అని గుడిసె అదిరేలా కేకేశాడు. కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "పడవని నీళ్ళకంత దగ్గర్లో వదిలేశావేంరా? పోటొస్తే మీ తాతొచ్చి పట్టుకుంటాడా?"

"తిట్టాడండీ! మళ్ళీ తిట్టాడు!" అంటూ కొండమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుని, ఇరుగుపొరుగుని పిలవడానికి పరుగెత్తింది.

ఏడుకొండలు నవ్వాపుకుంటూ మంచం దగ్గరికి జరిగి, "ఇంకా తిట్టు నాన్నా," అన్నాడు.